ఓ వెంట్రుకంత

తలుపు రెండు రెక్కలూ తీస్తే గానీ అది లోపలికి రాదు.
నలభై మూడేళ్లుగా ఇదే వరస:
ముందు దాని భుజం, తర్వాత నడుము,
ఆ వెనక క్లియోఫస్ మార్బరీ టోపీ.

బాల్టిమోర్‌లో వాద్యాలు బాగుచేసే కొట్టు నాది.
అతని బతుకు గురించి నన్నడిగితే
అతనెప్పుడూ చెప్పలేదనే అంటాను.
అతని డబుల్ బేస్‌ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి
వీపు మీద వేలి కణుపుతో తట్టి చూశాను,
అంతవరకే తెలుసు.

మెడ దగ్గర ఈ అతుకు
అరవై రెండు జనవరిది.
ఒహాయోలో మంచు మీద వ్యాను పల్టీ కొట్టింది.
డ్రమ్మర్‌కి పక్కటెముక, దీనికి మెడ.
"ముందు దీన్ని చూడు టిబోర్,
వాడు ఆసుపత్రిలో రెండు పూటలా తింటున్నాడు."

కుడి భుజం మీద కాలిన మచ్చ.
క్లబ్బులో ఎవరో సిగరెట్ ఆనించి మర్చిపోయారు,
అది బేస్ అని తెలియక కాదు
దాని వెనక మనిషున్నాడని తెలియక.

అడుగున ఎవరి కంటా పడని చోట
మేకుతో గీసిన వంకర అక్షరాలు: వెర్నెట్.
కూతురికప్పుడు ఆరేళ్లు.
వార్నిష్ వేయబోతే నా మణికట్టు పట్టుకున్నాడు.
ఆ పట్టు ఇంకా గుర్తుంది.

అరవై ఒక్క రికార్డుల్లో ఉన్నాడట.
ఒక దాని అట్ట మీద పేరు తప్పు పడింది,
ఇంకోదాని మీద అసలు పడలేదు.
"పడనిదాంట్లోనే బాగా వాయించాను."
సాక్సఫోన్ ఎగిరితే జనం చప్పట్లు కొడతారు.
అది తిరిగొచ్చి దిగే నేల
అప్పటికే పరిచి ఉంటుంది,
నాలుగు తీగల మీద.

ఆ తర్వాత పదమూడేళ్లు
దీని ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు.
ఉక్కు మిల్లులో రాత్రి షిఫ్టు.
మంచం పక్కన గోడకి చేరగిలబడి
ఎండి ఎండి
పొట్ట మీద దానంతటదే పగిలింది.
కింద పడి పగిలిన చెక్కని అతికించొచ్చు.
వాయించక పగిలిన చెక్కకి
అంచులు కలవవు.

మా హంగేరీలో బేస్ పొట్టలో నిలబెట్టే చిన్న కర్రని
ఆత్మ అంటాం.
జిగురు లేదు, మేకు లేదు,
పైనున్న తీగల బరువుకే నిలబడుతుంది.
బిగువు తగ్గిందా, ఒరిగిపోతుంది.
ఎనభై నాలుగులో అతను మళ్లీ తెచ్చిన రోజు
లోపల ఏదో దొర్లుతోంది.
దాన్ని నిలబెట్టేసరికి చీకటి పడింది.
అతను స్టూలు మీద అలాగే కూర్చున్నాడు,
మిల్లు చొక్కాతో.

తీగలు మాత్రం ఎప్పుడూ ఎత్తే.
మైకు లేని కాలం మనిషి.
కుర్ర బేసిస్టులు నొక్కి చూసి
కంచె తీగల్లా ఉన్నాయని వేళ్లు విదిలించేవాళ్లు.
దించనా అంటే
"దించితే గొణుగుతుంది. నాకు మాట కావాలి."

ఇవాళ టోపీ తియ్యకుండానే అన్నాడు:
"దించు."
ఎంత?
"ఓ వెంట్రుకంత."

కణుపులు చూశాను. అడగలేదు.
తీగలు మోసే చెక్క పైఅంచు ఆకురాయితో రాశాను.
బిగించి ఇచ్చాను, నొక్కి చూశాడు.
"ఇంకో వెంట్రుక."
మళ్లీ రాశాను.
"ఇంకోటి."
నాలుగోసారి అతను అడగలేదు,
నేనే తీశాను.

అప్పుడు అన్నిటికన్నా లావు తీగని లాగాడు, ఒక్కసారే.
అలమరలో గాజు సీసాలో మరమేకులు
సన్నగా వణికాయి.
"గొణుగుతోంది," అన్నాడు.
కాసేపాగి, "సరే. నేనూ అంతేగా."

వెర్నెట్ కొడుకు వచ్చి బేస్ ఎత్తుకున్నాడు.
క్లియోఫస్ వెనకాలే నడిచాడు,
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా.
ఒకటి జేబులో దూర్చాడు, మళ్లీ తీశాడు.
గుమ్మం దగ్గర తిరిగి చూశాడు:

"ఆ రజను ఊడ్చెయ్యకు టిబోర్.
వేళ్లు బాగుపడితే
మళ్లీ అతికించాలి."

నేను నవ్వాను.
అతను నవ్వలేదు.